మళ్లీ బాణీ కట్టగలిగిన తీరు

నేను ఒకప్పుడు ఉన్న కట్టుబాట్ల సంఘంలో వాద్యాలకు చోటు లేదు. అనుమతి ఉన్న పాటలనే, పెద్దలు నేర్పిన బాణీలోనే పాడాలి, సొంతంగా బాణీ కట్టడం అహంకారం కింద లెక్క. అక్కడి నుంచి బయటికి వచ్చి హార్మోనియం కొనుక్కున్నాక కూడా, వేళ్లు ఎటు కదిలినా ఆ పాత పాటల మలుపుల్లోకే వెళ్లేవి. పైగా ఎవరో వింటున్నారన్న బెదురు గొంతును పట్టేసేది.

నాకు పనికొచ్చిన ఉపాయం, మాటలను పూర్తిగా పక్కన పెట్టడం. సాహిత్యం ఉన్నంతసేపు ఇది తగునా, తగదా అన్న విచారణ నా మనసులో ఆగేది కాదు. స్వరాలతో ఆ చిక్కు లేదు. అందుకే స, రి, గ, ప, ద అనే ఐదు స్వరాల మోహన రాగాన్ని మాత్రమే తీసుకుని, ఆదితాళం ఎనిమిది అక్షరాలకు, అంటే ఎనిమిది లెక్కలకు, సరిపడే చిన్న స్వరవాక్యాలు అల్లి, ఫోనులో రికార్డు చేసి, మరునాటి వరకు వినకుండా ఉంచేవాడిని. ఒకటో శ్రుతిలో, అంటే C మెట్టును స గా పెట్టుకుని, వాయిస్తూ గాంధారం (గ) తెల్లమెట్టును వదిలి, దాని ఎడమపక్క నల్లమెట్టు నొక్కగానే మోహనం శివరంజని రాగంగా మారిపోయింది. మిగతా నాలుగు స్వరాలూ ఉన్నచోటే ఉన్నాయి. ఆ మార్పుతో పుట్టిన విషాదపు బాణీ, ఇన్నేళ్లకు నేను నాదని చెప్పుకోగలిగిన మొదటిది.

సంఘం పాటల మీద నాకు ద్వేషం లేదు, పదిమందితో గొంతు కలపడం నేర్పినవి అవే. మాటలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. స్వరం కుదిరాకే వాటిని రాస్తున్నాను.