పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు రోయింగ్ ఎలా మొదలుపెట్టించాలి?

మొదటి పని ఈతను పరీక్షించడం. ఈతకొలనులో నాలుగు బారలు వేయగలిగితే చాలదు. ఒంటిమీద బట్టలతోనే 50 మీటర్లు ఈది, ఆపైన రెండు నిమిషాలు మునగకుండా నీటిలో నిలబడగలగాలి. అది రాని పిల్లవాడిని ఎంత ఉత్సాహంగా ఉన్నా పడవ ఎక్కించకూడదు. సింగిల్ స్కల్ అనే ఒంటరి పోటీ పడవ ఎనిమిది మీటర్లకు పైగా పొడవుంటుంది కానీ, నీటిని తాకే చోట దాని వెడల్పు మూరెడు కూడా ఉండదు. రెండు తెడ్ల పిడులను చేతుల్లో పట్టుకుని, బ్లేడ్లను (తెడ్ల చివరనుండే వెడల్పాటి పలకలను) నీటిపై పరచి ఉంచినంతసేపే అది నిలకడగా ఉంటుంది.

కాబట్టి రెండో పనిగా, లోతు తక్కువ నీటిలో శిక్షకుడు పక్కనుండగా, పడవను కావాలనే బోల్తా కొట్టించాలి. పడవలో బిగించిన బూట్ల నుంచి పాదాలను లాగేసుకోవడం, పడవ తేలుతూనే ఉంటుంది కనుక దానిని వదలకుండా పట్టుకోవడం పిల్లలు అక్కడే నేర్చుకుంటారు. సగం భయం ఆ రోజే పోతుంది.

ఆ తర్వాత కొన్ని వారాలు ఒడ్డు మీదే, ఎర్గోమీటర్‌పై (ముందుకూ వెనక్కూ జారే పీటపై కూర్చుని తెడ్డు వేయడం సాధన చేసే యంత్రంపై) గడపాలి. పిల్లలకు ఇది విసుగే అయినా ఇక్కడ తొందరపడితే తప్పు అలవాటుగా స్థిరపడుతుంది. రోయింగ్ చేతుల ఆట అని చాలామంది అనుకుంటారు, నిజానికి బలం ఎక్కువగా కాళ్ల నుంచే వస్తుంది. ముందుగా కాళ్లతో తన్నాలి, కాళ్లు దాదాపు చాచుకున్నాక నడుము నుంచి ఒళ్లు వెనక్కి వాల్చాలి, చివరికి పిడిని పక్కటెముకల దిగువకు లాక్కోవాలి. తిరిగి ముందుకు వచ్చేటప్పుడు ఈ వరుస తలకిందులవుతుంది: చేతులు, ఒళ్లు, ఆ తర్వాతే మోకాళ్లు. మోకాళ్లు ముందే లేస్తే పిడి వాటి మీదుగా ఎగిరి దాటవలసి వస్తుంది. ఒడ్డున నవ్వు తెప్పించే ఈ తప్పు నీటిలో పడవను తూలిస్తుంది. అందువల్ల ముందు కాళ్లతోనే పది తన్నులు, ఆపై ఒళ్లు కలిపి పది, ఆపై పూర్తి స్ట్రోకులు చేయించి, వేగాన్ని నిమిషానికి 18 నుంచి 20 స్ట్రోకులు దాటనివ్వకూడదు. యంత్రం పక్కనున్న, లాగుడు ఎంత బరువుగా ఉండాలో మార్చే మీటను పిల్లలు బలం చూపించుకోవడానికి పదికి తిప్పేస్తారు. దానిని 3 నుంచి 5 మధ్యకు తెచ్చిపెట్టడం పెద్దల పని.

నీటిలోకి దింపేటప్పుడు వెడల్పాటి శిక్షణ పడవను, ఇద్దరు లేదా నలుగురు కూర్చునేదాన్ని ఎంచుకోవడం మేలు. ఎదిగే వయసులో ఒంటికి రెండు పక్కలా సమానంగా పని పడేలా, ఒకే తెడ్డుతో నడిపే పద్ధతికన్నా రెండు తెడ్ల స్కల్లింగ్‌తో ప్రారంభించాలి. పిడులు ఒకదానిపై ఒకటి దాటే చోట సాధారణంగా ఎడమచేయి పైన ఉంటుంది. రోయర్ వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు కనుక, కొన్ని స్ట్రోకులకొకసారి భుజం మీదుగా వెనక్కి చూడడం మొదటి రోజు నుంచే అలవాటు చేయాలి. బ్లేడు నీటిలో ఇరుక్కుంటే (రోయర్లు దీనిని క్రాబ్ అంటారు) పెనుగులాడకుండా ఆగి, రెండు పిడులనూ ఒకే ఎత్తుకు తెచ్చుకోవాలి.

వేళ కూడా ముఖ్యమే. హుస్సేన్‌సాగర్‌పై వానకాలపు గాలి తెరచాప పడవల వారికి పండగ. తెడ్లు పట్టిన పిల్లలకు అదే శత్రువు. గాలి లేవని తెల్లవారుజాము వారికి అనుకూలం.

పోటీల విషయంలో తల్లిదండ్రులు కంగారు పడనవసరం లేదు. భారత రోయర్ దత్తు భోకనల్ సైన్యంలో చేరిన తర్వాతే తెడ్డు పట్టి, 2016 రియో ఒలింపిక్స్ సింగిల్ స్కల్స్‌లో 13వ స్థానంలో నిలిచాడు. 2018 ఆసియా క్రీడల్లో నలుగురి పడవలో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. ఒలింపిక్ దూరం సాధారణంగా 2000 మీటర్లు. పిల్లలకు మొదటి ఏడాది 250 మీటర్ల సరదా పందేలు సరిపోతాయి.

ఒంటరి పడవను మాత్రం చివరికి ఉంచాలి. ఆపమనగానే ఆపి, ఉన్నచోటే పడవను గుండ్రంగా తిప్పి, ఎవరి సాయమూ లేకుండా రేవుకు చేర్చడం వచ్చిన పిల్లవాడికే, అదీ శిక్షకుడి మోటారు పడవ వెంట ఉన్నప్పుడే, దానిని ఇవ్వాలి.