ఇంగ్లీషు జంట క్రియలు, 7వ పాఠం: 'పిక్ అప్'

క్రియకు 'ఆఫ్', 'అప్' లాంటి చిన్న మాట చేరి, రెండూ కలిసి ఒకే అర్థం ఇస్తే అది జంట క్రియ. కిందటి పాఠంలో 'పుట్ ఆఫ్' చెప్పుకున్నాం. అర్థాలు బాగానే పట్టుకున్నారు. వాయిదా వెయ్యడం, మనసు విరిచెయ్యడం రెండూ సరిగ్గానే రాశారు. తప్పులన్నీ వాక్యం కట్టే దగ్గర వచ్చాయి. 'పిక్ అప్'తోనూ అవే తప్పులు జరుగుతాయి కాబట్టి ముందు వాటి సంగతి తేల్చుకుందాం.

ఎక్కువమంది రాసింది 'లెట్ అజ్ పుట్ ఆఫ్ ఇట్' అని. 'లెట్ అజ్ పుట్ ఇట్ ఆఫ్' అనాలి. మనం 'దాన్ని వాయిదా వేద్దాం' అంటాం కానీ 'వాయిదా దాన్ని వేద్దాం' అనం. అందుకే రెండు ముక్కల మధ్య ఇంకో మాట దూరితే మన చెవికి వింతగా ఉంటుంది. ఇంగ్లీషు తీరు వేరు. దేన్ని వాయిదా వేస్తున్నామో దాని పేరు చెబితే 'పుట్ ఆఫ్ ద మీటింగ్', 'పుట్ ద మీటింగ్ ఆఫ్' రెండూ చెల్లుతాయి. పేరు బదులు ఇట్, దెమ్, హిమ్, హర్, మి, యు, అజ్ లాంటి సర్వనామం వస్తే మాత్రం మధ్యలోనే పెట్టాలి. ఇంగ్లీషు వాక్యంలో బరువు సాధారణంగా చివర పడుతుంది. 'ఇట్' అన్నది ఇద్దరికీ ముందే తెలిసిన సంగతి, దానికి బరువు లేదు. పైకి అని చూడండి: 'పుట్ ఇట్ ఆఫ్'లో గొంతు 'ఆఫ్' మీద నొక్కుతుంది.

ఈ సూత్రం ముందే తెలిసిన కొందరు ఇంకో వైపు జారారు. 'లుక్ ఇట్ ఎట్', 'వెయిట్ హిమ్ ఫర్' అని రాశారు. ఎట్, ఫర్ ఇక్కడ క్రియలో భాగాలు కావు, వెనకొచ్చే మాటను అంటిపెట్టుకునే విభక్తుల్లాంటివి. పేరు పెట్టి పరీక్షించండి. 'లుక్ ద పిక్చర్ ఎట్' అని ఎక్కడా వినిపించదు. పేరు మధ్యలో ఇమడని చోట సర్వనామమూ ఇమడదు.

ఇంకో తప్పు 'పుట్ ఆఫ్ టు గో'. తెలుగులో 'వెళ్ళడం వాయిదా వేశాను' అంటాం కదా, ఆ 'వెళ్ళడం' ఇక్కడ 'గోయింగ్' అవుతుంది: 'ఐ పుట్ ఆఫ్ గోయింగ్ టు ద డెంటిస్ట్'. లైటు ఆర్పడానికి 'పుట్ ఆఫ్' వద్దు. మన దగ్గర అందరికీ అర్థమవుతుంది, అయినా 'టర్న్ ఆఫ్', 'స్విచ్ ఆఫ్' అలవాటు చేసుకోండి.

ఇక 'పిక్ అప్'. నిఘంటువు తెరిస్తే దీని అర్థాలు బారెడు పొడుగున ఉంటాయి. ఆ జాబితా బట్టీ పట్టొద్దు. మన 'కొను'ను పట్టుకోండి. ఎత్తు, ఎత్తుకొను, ఎక్కించు, ఎక్కించుకొను. 'కొను' చేరగానే పని ఫలం చేసినవాళ్ళ వైపు తిరుగుతుంది. 'పిక్ అప్' వాక్యాలను తెలుగులో సహజంగా చెబితే చాలావాటి చివర ఈ 'కొను' తేలుతుంది.

బిడ్డ ఏడుస్తోంది, ఎత్తుకో: 'ద బేబీ ఈజ్ క్రయింగ్, పిక్ హర్ అప్'. ఆరింటికి వచ్చి నిన్ను ఎక్కించుకుంటాను: 'ఐ విల్ పిక్ యు అప్ ఎట్ సిక్స్'. రెండిట్లోనూ సర్వనామం మధ్యలోనే ఉంది చూడండి. వస్తూ వస్తూ పాలు తెచ్చుకోవడం 'పిక్ అప్ సమ్ మిల్క్'. ఇందులో దారిలో పనిగా తెచ్చుకోవడం ఉంది. అదే పనిగా బయల్దేరి టీవీ కొనుక్కొస్తే 'బై' అనడమే మేలు.

నేర్చుకోవడానికీ ఇదే మాట, కానీ తరగతిలో కూర్చుని నేర్చుకుంటే కాదు. చెన్నైలో నాలుగేళ్ళుంటే చెవిన పడి పడి తమిళం వంటబడుతుందే, అది: 'షి పిక్ట్ అప్ తమిళ్ ఇన్ చెన్నై'. పరీక్ష కోసం కూర్చుని చదివింది 'స్టడీడ్'. జలుబు అంటించుకోవడం, పక్కవాళ్ళ యాస అలవాటు చేసుకోవడం కూడా ఇలా తెలియకుండా వచ్చి చేరేవే కాబట్టి అవీ 'పిక్ అప్' కిందికే వస్తాయి.

వ్యాపారం పుంజుకుంది: 'బిజినెస్ హాజ్ పిక్ట్ అప్'. గాలి పుంజుకున్నా అంతే. ఇక్కడ కర్మ ఉండదు, ఎవరూ వ్యాపారాన్ని ఎత్తడం లేదు. రైలు వేగం అందుకుంటోంది: 'ద ట్రైన్ ఈజ్ పికింగ్ అప్ స్పీడ్'. రేడియో సిగ్నల్ అందుకోవడమూ ఇదే. బిల్లు నేను పెట్టుకుంటాను: 'ఐ విల్ పిక్ అప్ ద బిల్'. ఆగిన పాటను మళ్ళీ ఎత్తుకున్నట్టు, ఆపిన చోట నుంచి మాట అందుకోవడం: 'లెట్ అజ్ పిక్ అప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్'. ముక్కూమొహం తెలియని మనిషిని మాటలతో బుట్టలో వేసుకోవడానికీ ఇదే మాట. 'హి పిక్ట్ హర్ అప్' అన్న తర్వాత 'ఎట్ ద స్టేషన్' వస్తే బండి ఎక్కించుకున్నాడని, 'ఎట్ ఎ బార్' వస్తే ఎక్కువగా ఆ రెండో సంగతని అర్థం చేసుకుంటారు. కాబట్టి చోటు చెప్పకుండా ఆ వాక్యం వదలొద్దు.

'పిక్ అప్ ఆన్' వేరే మాట. ఎదుటివాళ్ళు చెప్పనిది పసిగట్టడం. చివర 'ఆన్' ఉంది కాబట్టి సర్వనామం దాని వెనకే వస్తుంది: 'షి పిక్ట్ అప్ ఆన్ ఇట్'.

అన్నిటికంటే పెద్ద గుంట 'అప్' మింగెయ్యడం. 'హి ఈజ్ నాట్ పికింగ్ మై కాల్', 'ఐ విల్ పిక్ యు ఫ్రమ్ ద స్టేషన్' అని మన ఆఫీసుల్లో రోజూ వినిపిస్తుంది. హైదరాబాదులో పని జరిగిపోతుంది. డాలస్‌లోనో లండన్‌లోనో వినేవాడు ఒక క్షణం ఆగుతాడు. 'అప్' లేని 'పిక్'కి ముఖ్యంగా రెండే అర్థాలు: ఎంచుకోవడం, కొయ్యడం. 'ఐ పిక్ట్ యు' అంటే జట్టులోకి నిన్ను ఎంచుకున్నానని. ఫోన్ సంగతికి 'హి ఈజ్ నాట్ పికింగ్ అప్' అని ఆపెయ్యండి, 'కాల్' అక్కర్లేదు. 'కాల్' చెప్పి తీరాలనిపిస్తే 'ఆన్సరింగ్ మై కాల్'. రెండోది 'ఐ విల్ పిక్ యు అప్ ఫ్రమ్ ద స్టేషన్'.

'ఎంచుకొను'లోనూ 'కొను' ఉందిగా అంటారు. ఉంది, మన కొండగుర్తు ఇక్కడ పనిచెయ్యదు. ఇది విడిగా గుర్తుపెట్టుకోవాలి.

పూలతో చూస్తే ఈ తేడా మరిచిపోలేరు. మందారాన్ని కొమ్మ నుంచి కోస్తాం, అది 'పిక్'. పారిజాతాన్ని కొయ్యరు. తెల్లారేసరికి చెట్టు కింద తెల్లగా పరుచుకుని, నారింజ కాడలతో పడి ఉంటాయి, వంగి ఏరుకుంటారు. అది 'పిక్ అప్'. మన 'ఏరు' అన్న ఒక్క మాటకు ఇంగ్లీషు మూడు దారులు చూపిస్తుంది. చేలో పత్తి ఏరితే కాయ ఇంకా మొక్కకే ఉంది కాబట్టి 'పికింగ్ కాటన్'. రాలిన చింతకాయలు ఏరుకుంటే నేల మీంచి పైకి తీస్తున్నాం కాబట్టి 'పికింగ్ అప్'. బియ్యంలో రాళ్ళు ఏరితే కలిసిపోయినవాటిలోంచి బయటికి తీస్తున్నాం కాబట్టి 'పికింగ్ అవుట్'. చెట్టు నుంచా, నేల నుంచా, కుప్పలోంచా? ఈ ప్రశ్న వేసుకున్నాకే నోరు తెరవండి.

పలకడంలో రెండు మాటలు. 'పిక్ట్ అప్' గబగబా 'పిక్టప్' అవుతుంది, ఇంగ్లీషు రాతలో 'పిక్ట్' చివర 'డి' అక్షరం ఉన్నా 'డ' వినిపించదు. 'పికప్ పాయింట్', బండి 'పికప్' లాంటి నామవాచకాల్లో నొక్కు మొదట్లో 'పిక్' మీద ఉంటుంది, ఒకే మాటగా రాస్తారు. క్రియగా వాడినప్పుడు విడదీసి రాయాలి.

అభ్యాసం: రేపు పొద్దుటి నుంచి రాత్రి దాకా మీ ఇంట్లో, బస్సులో, ఆఫీసులో వినిపించిన 'కొను' వాక్యాలు ఇరవై రాసుకోండి. సొంతంగా కల్పించొద్దు, విన్నవే కావాలి. వాటిలో 'పిక్ అప్' పడేవి ఏవి, ఉత్త 'పిక్' పడేవి ఏవి, రెండూ పడనివి ఏవి అని విడదీయండి. 'తలుపు వేసుకో', 'అన్నం పెట్టుకో' లాంటివి మూడో గుంపులోకి పోతాయి, అవే ఎక్కువ ఉండొచ్చు. 'పిక్ అప్' పడి, కర్మ ఉన్న ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు రాయండి, ఒకసారి పేరుతో, ఒకసారి సర్వనామంతో. రాసినవి పైకి చదివి, నొక్కు ఎక్కడ పడిందో కింద గీత గియ్యండి. 'ఇట్' కింద గీత వచ్చిన వాక్యాలు తిరిగి రాయాలి.