షూటర్ ఆటలో చెయ్యి తిరగడానికి ఎన్ని గంటలు పడుతుంది

గుణుపురంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా చిన్నాన్న కొడుకు కిందటి సంక్రాంతికి ఒడిశాలోని రాయగడ వచ్చినప్పుడు నన్నొక ప్రశ్న అడిగాడు. వాడు ఆడేది వాలరెంట్, అయిదుగురేసి రెండు జట్లుగా తుపాకులతో తలపడే కంప్యూటర్ ఆట; దాని ర్యాంకుల్లో బ్రాంజ్ కిందినుంచి రెండవ మెట్టు, గోల్డ్ దానికి రెండు మెట్లు పైన. "అన్నయ్యా, నాలుగు నెలలుగా వాలరెంట్ ఆడుతున్నాను, ర్యాంకు బ్రాంజ్ దాటడం లేదు, ఇంకెన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు. ఆ నాలుగు నెలల్లో ఎన్ని గంటలు ఆడావని నేను తిరిగి అడిగాను. ఇద్దరం కూర్చుని లెక్క తీస్తే, పరీక్షల వారాలు, ఊరికి వెళ్ళిన రోజులు, కరెంటు పోయిన సాయంత్రాలు తీసివేయగా, 70 గంటలు కూడా తేలలేదు. ఆ 70 గంటల్లోనూ ఏదో ఒకటి నేర్చుకోవాలని ఆడిన గంటలు ఎన్నని అడిగితే వాడు నవ్వి ఊరుకున్నాడు. ఈ వ్యాసం వాడికి ఆ రోజు చెప్పినదానికి కాస్త పెద్ద రూపం.

వేగంగా సాగే షూటర్ ఆటల్లో మెరుగుదలను నెలల్లో కొలవకూడదు, గంటల్లో కొలవాలి. అందులోనూ దేనికి ఎన్ని గంటలో విడివిడిగా చూసుకోవాలి. ఎందుకంటే చెయ్యి, కన్ను, బుద్ధి మూడూ ఒకే వేగంతో నేర్చుకోవు. నా అనుభవంలోనూ, నాతో ఆడిన పదిమందిని చూసినమీదటా నాకు కుదిరిన అంచనా ఇది: మీటలు వెతుక్కోకుండా, తుపాకుల పేర్లు తడబడకుండా ఆడడానికి 40, 50 గంటలు పడుతుంది, గురి స్థిరపడి, తలకాయ ఎత్తులో క్రాస్‌హెయిర్ (తెర మధ్యన ఉండే గురి గుర్తు) దానంతటదే నిలవడానికి మరో 100, 150 గంటలు పడుతుంది, ఎదుటివాడు ఇప్పుడు ఎక్కడ ఉండవచ్చో చూడకుండానే ఊహించగలగడానికి 400 గంటలు దాటినా ఆశ్చర్యం లేదు. రోజుకు ఒక గంట, వారానికి ఆరు రోజుల చొప్పున ఆడేవారికి నెలకు 26 గంటలు సమకూరుతాయి. ఆ లెక్కన మొదటి మెట్టుకు రెండు నెలలు, రెండవదానికి మరో నాలుగు నుంచి ఆరు నెలలు పడతాయి, మూడవది ఏడాది దాటాకే అందుతుంది. మావాడికి ఈ లెక్క నచ్చలేదు గాని, నాలుగు నెలల తరువాత కూడా బ్రాంజ్‌లో ఉండడం సిగ్గుపడవలసిన సంగతి కాదని మాత్రం తెలిసింది.

దేనిలోనైనా ఆరితేరాలంటే పదివేల గంటల సాధన కావాలన్న మాట ఇక్కడ ఎవరో ఒకరు తప్పక ఎత్తుతారు. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకుంటున్న విద్యార్థులను పరిశీలించి ప్రకటించిన పత్రం నుంచి అది పుట్టింది. అందరికంటె మిన్న అనిపించుకున్నవారు ఇరవయ్యేళ్ళ వయసుకు సగటున అన్ని గంటలు ఒంటరిగా సాధన చేశారని ఆ పత్రం చెప్పింది. అది ఆ బృందానికి సగటే తప్ప ఎవరికీ విధించిన గడువు కాదు. పైగా మనం కచేరీకి సిద్ధం కావడం లేదు, గోల్డ్ ర్యాంకుకు వెళదామనుకుంటున్నాం.

ముందుగా ఈ ఆటలు ఎంత తక్కువ వ్యవధిలో తేలిపోతాయో తెలిస్తే దేనిమీద సమయం పెట్టాలో తెలుస్తుంది. వాలరెంట్‌లో పూర్తి కవచం ఉన్న ఆటగాడికి 150 ప్రాణం ఉంటుంది. వాండల్ తుపాకీ గుండు ఒంటికి తగిలితే 40, తలకు తగిలితే 160 తీస్తుంది. అది సెకనుకు దాదాపు పది గుండ్లు పేలుస్తుంది గనుక, ఒంటిమీద నాలుగు గుండ్లు దించడానికి 0.3 సెకను చాలు. తలకైతే ఒక్క గుండు సరిపోతుంది. కంటికి కనిపించినదానికి మనిషి వేలు స్పందించడానికే 0.2 నుంచి 0.25 సెకను పడుతుంది. ఈ స్పందన వేగం సాధనతో పెరిగేది స్వల్పమే. కాబట్టి పైస్థాయి ఆటగాళ్ళ వేగమంతా వేలిలో ఉందనుకోవడం పొరపాటు. వారు మూల తిరిగేటప్పటికే శత్రువు తల ఉండబోయే చోట క్రాస్‌హెయిర్ పెట్టుకుని ఉంటారు, అందువల్ల వారికి మౌస్ జరపవలసిన దూరమే ఉండదు. కొత్తవారు నేలను చూస్తూ పరుగెత్తి, మనిషి కనబడ్డాక పైకి లాగుతారు. ఆ లాగే వ్యవధిలోనే వారి రౌండ్ ముగిసిపోతుంది.

మొదటి నెలలో చేతికి నేర్పవలసినవి రెండే. ఒకటి, మౌస్ సెన్సిటివిటీని, అంటే మౌస్ కదిలితే ఆటలో చూపు ఎంత తిరగాలన్న అంకెను, ఒకచోట స్థిరపరచడం. వాలరెంట్‌లో 800 డీపీఐ (మౌస్ ఒక అంగుళం జరిగితే లెక్కించే అడుగులు), 0.35 సెన్సిటివిటీ పెట్టుకుంటే, ఆటలో ఒక పూర్తి చుట్టు తిరగడానికి మౌస్ బల్లమీద దాదాపు 47 సెంటీమీటర్లు జరగాలి. హాస్టల్‌లో పుస్తకాల మధ్య ఆడేవారికి అంత జాగా ఉండదు, వారు 0.5 దగ్గర పెట్టుకున్నా నష్టం లేదు, అప్పుడు 33 సెంటీమీటర్లతో చుట్టు పూర్తవుతుంది. ఏ అంకె ఎంచుకున్నా కనీసం నాలుగు వారాలు దాన్ని ముట్టుకోకూడదు. ఓడిన ప్రతి రాత్రీ సెన్సిటివిటీ మార్చేవాడి చెయ్యి ప్రతి ఉదయం కొత్తగా అక్షరాభ్యాసం చేస్తుంది. రెండవది, ఆగి కాల్చడం. కౌంటర్ స్ట్రైక్ 2లోనూ వాలరెంట్‌లోనూ నడుస్తూ కాల్చిన రైఫిల్ గుండ్లు చెదిరిపోతాయి. కుడివైపు వెళుతూ కాల్చదలిస్తే కుడి మీట వదలి, ఎడమ మీటను లిప్తపాటు నొక్కి, నిలిచాక కాల్చాలి. వినడానికి ఇది సులువుగానే ఉంటుంది గాని, భయం వేసినప్పుడు కూడా చెయ్యి ఇదే చేయాలంటే వేలసార్లు చేసి ఉండాలి.

ఒక గంట దొరికినవారు దానిని ఎలా ఖర్చు పెట్టాలన్నది తరువాతి ప్రశ్న. మొదటి పది నిమిషాలు సాధన మైదానంలో బొమ్మల మీద, తలకు మాత్రమే, ఒక్కొక్క గుండు చొప్పున కాల్చాలి. వేగం కోసం ఆరాటపడకూడదు. తరువాత ఒక మ్యాచ్ ఆడాలి, దానికి 35, 40 నిమిషాలు పడుతుంది. మిగిలిన పది నిమిషాలు కాగితం, కలం పట్టుకోవాలి. చాలామంది ఈ చివరి పది నిమిషాలను ఇంకో మ్యాచ్‌లో కలిపేస్తారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు మ్యాచ్ మీద మ్యాచ్ ఆడి, వెయ్యి గంటలు దాటినా అక్కడే ఉన్నవారిని నేను ఎరుగుదును. వారికి తక్కువైనది ఆ కాగితమేనని నా గట్టి నమ్మకం.

కాగితం మీద రాయవలసినది చావుల చిట్టా. ఒక మ్యాచ్‌లో మీరు పదిహేనుసార్లు చనిపోయారనుకుందాం. ప్రతి చావుకూ ఒక కారణం, ఒక్క మాటలో రాయాలి. కదులుతూ కాల్చాను, క్రాస్‌హెయిర్ నేలమీద ఉంది, అడుగుల చప్పుడు విన్నా పట్టించుకోలేదు, జట్టుకు దూరంగా ఒంటరిగా వెళ్ళాను, ఒకేసారి ఇద్దరికి కనిపించే చోట నిలిచాను, వాడే నాకంటె బాగా కాల్చాడు. ఇంతకుమించి విభాగాలు అవసరం లేదు. వీలైతే ఆటను రికార్డు చేసి, చనిపోవడానికి ముందరి పది సెకన్లు మాత్రం చూడాలి, ఎందుకంటే ఆట వేడిలో మనకు తోచే కారణం, నింపాదిగా చూసినప్పుడు కనిపించే కారణం తరచు వేరుగా ఉంటాయి. మావాడు తన గురి బాగాలేదని నాలుగు నెలలుగా బెంగపడుతున్నాడు. అయిదు మ్యాచ్‌ల చిట్టా రాశాక, డెబ్బయి చిల్లర చావుల్లో ముప్ఫైకి పైగా "ఒంటరిగా వెళ్ళాను" కింద పడ్డాయి. ఒంటరిగా చనిపోతే, చంపినవాడిని వెంటనే చంపడానికి పక్కన ఎవరూ ఉండరు, అందువల్ల జట్టు ఊరికే ఒక మనిషిని పోగొట్టుకుంటుంది. వాడికి కావలసింది గురి సాధన కాదు, జట్టులో ఎవరో ఒకరికి రెండడుగుల వెనుక నడిచే అలవాటు. చిట్టాలో అన్నిటికంటె పెద్ద పద్దు ఏదో దానిమీదే రెండు వారాలు మనసు పెట్టి, మిగతా తప్పులను అప్పటికి వదిలేయాలి. రెండు వారాల తరువాత మళ్ళీ చిట్టా రాస్తే ఆ పద్దు తగ్గిందో లేదో తెలిసిపోతుంది. అది తగ్గిందంటే, ర్యాంకు ఏమి చెప్పినా, మీరు మెరుగుపడ్డారు.

మ్యాపుల, అంటే ఆట జరిగే స్థలాల, సంగతికి వస్తే, ఇక్కడ తొందర పనికిరాదని కూడిక, గుణకారమే చెబుతాయి. ర్యాంకు మ్యాచ్‌లలో ఒక సమయంలో 7 మ్యాపులు తిరుగుతుంటాయి, ఏది రావాలో మన చేతిలో ఉండదు. ప్రతి మ్యాపు కనీసం ఇరవైసార్లు చూడాలంటే సగటున 140 మ్యాచ్‌లు ఆడాలి, అంటే 80 నుంచి 95 గంటలు. ఆటలోని గడియారం కూడా ఇలాగే మెల్లగా ఒంటబడుతుంది. దాడి చేసే జట్టు పెట్టే బాంబు, అంటే స్పైక్, పెట్టాక 45 సెకన్లకు పేలుతుంది, ఎదుటి జట్టు దాన్ని తీయడానికి, అంటే పేలకుండా ఆపడానికి, 7 సెకన్లు కావాలి. అంటే 38 సెకన్లు గడిచాక, అంతకు ముందే సగం తీసి ఉంటే తప్ప, ఎదుటివారు చేయగలిగింది ఏమీ లేదు. ఈ అంకెలు అందరికీ తెలుసు, అయినా చివరి అయిదు సెకన్లలో దాక్కోవలసినవాడు చంపడానికి బయటికి వచ్చి తుపాకీ పోగొట్టుకుంటాడు.

ర్యాంకును నమ్మవద్దని ఎందుకన్నానో కూడా చెప్పాలి. గెలుపు, ఓటమి సరిసమానంగా ఉన్న ఆటగాడు పది మ్యాచ్‌లు ఆడితే, ఏడు లేదా అంతకంటె ఎక్కువ గెలవడానికి 17 శాతం, మూడు లేదా అంతకంటె తక్కువ గెలవడానికి 17 శాతం అవకాశం ఉంది. బొమ్మా బొరుసూ వేసినా ఇదే వస్తుంది. అంటే నైపుణ్యం ఆవగింజంత మారకపోయినా, ఇలాంటి మూడు పదుల మ్యాచ్‌లలో ఒక పదిలో మీకు ఎగిరినట్టో కూలినట్టో అనిపిస్తుంది. నిన్న ఎగిరానని గర్వపడి, నేడు కూలానని మౌస్ విసిరేసేవారు నాణెంతో పోట్లాడుతున్నట్టే. యాభై మ్యాచ్‌లకు ఒకసారి తప్ప ర్యాంకు వంక చూడకపోవడం మేలు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు సామగ్రిని తిట్టేవారు ఎక్కువే గాని, మా ప్రాంతంలో మద్దెల నిజంగానే ఓడైన రోజులు కూడా ఉంటాయి. రాయగడ, ముంబయి దాదాపు ఒకే అక్షాంశం మీద, 19 డిగ్రీల దగ్గర, ఉన్నాయి. మధ్య దూరం గీత గీసినట్టు కొలిస్తే 1,100 కిలోమీటర్ల చిల్లర. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది గనుక, ముంబయి సర్వరుకు వెళ్ళి రావడానికి ఎంత గొప్ప లైను ఉన్నా 11 మిల్లీసెకన్లకు తగ్గదు, తీగ తిన్నగా పోదు కాబట్టి మనకు కనిపించే పింగ్ (ఆ వెళ్ళివచ్చే సమయం) దానికి కొన్ని రెట్లు ఉంటుంది. నిలకడగా 60 చూపే లైను, 35కీ 140కీ మధ్య ఊగే లైను కంటె వెయ్యి రెట్లు నయం. మానిటర్ కోసం అప్పు చేయనక్కరలేదు: 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి, 144 హెర్ట్జ్ తెర 6.9 మిల్లీసెకన్లకు ఒకసారి బొమ్మ మారుస్తుంది. తేడా కంటికి హాయిగా ఉంటుంది గాని, నేలమీద ఉన్న క్రాస్‌హెయిర్‌ను అది పైకి ఎత్తదు. వేసవి సాయంత్రాలు నియమగిరి కొండలవైపు మబ్బు పట్టిందంటే ర్యాంకు మ్యాచ్ మొదలుపెట్టవద్దు. కరెంటు పోయి మధ్యలో మాయమైనా ఆట మీకే శిక్ష వేస్తుంది, గాలివాన వచ్చిందని ఒప్పుకోదు. రౌటర్‌కు ఒక చిన్న యూపీఎస్ కొనుక్కోవడం కొత్త హెడ్‌సెట్ కంటె ముందు చేయవలసిన పని.

మా జిల్లాలో జట్టు కూడితే ఇంకొక చిక్కు ఉంది, ఇది బయటివారికి తెలియదు. ఒకడు తెలుగులో "కుడి" అంటాడు, ఇంకొకడు ఒడియాలో "డాహాణొ" అంటాడు, బరంపురం నుంచి చేరినవాడు రెండూ కలిపి మాట్లాడుతాడు, ఎవరో తెలియని అయిదోవాడు హిందీలో తిడతాడు. పైగా ఎవరి కుడి అన్నది ఎప్పుడూ సందేహమే. అందుచేత దిక్కులు మానేసి, మ్యాపు మీద రాసి ఉన్న చోటి పేరు, శత్రువుల సంఖ్య, ఈ రెండే చెప్పాలని మేము నియమం పెట్టుకున్నాము. నోరు అదుపులో పెట్టుకోవడానికి మాకు పదిహేను గంటలు పట్టిందేమో, ఫలితం మాత్రం గురి సాధన కంటె త్వరగా కనిపించింది.

ఫోనులో ఆడేవారికి చేతి పని వేరు. బొటనవేలితో నేర్చిన గురి మౌస్‌కు రాదు, మౌస్‌తో నేర్చింది ఫోనుకు పోదు. చప్పుడు వినడం, చోటు ఎంచుకోవడం, ఒంటరిగా పోకపోవడం మాత్రం ఎటునుంచి ఎటైనా వస్తాయి. బీజీఎంఐ అనే ఫోను షూటర్ ఆటను రెండేళ్ళు ఆడి కంప్యూటర్‌కు మారినవారు మొదటి నెల కాల్పుల్లో తేలిపోయినా, చోటు తెలిసి నిలవడంలో కొత్తవారికంటె ముందుంటారు.

చివరిగా వేళ గురించి. చేతి నైపుణ్యం సాధన చేసిన తరువాత కుదురుకోవడానికి నిద్ర తోడ్పడుతుంది. రాత్రి రెండింటి దాకా ఆడి నాలుగు గంటలు పడుకునేవారు రెండు విధాలా నష్టపోతారు. వరుసగా రెండు మ్యాచ్‌లు ఓడితే ఆ రోజుకు ఆపడం నేను పాటించే పద్ధతి; మూడవది ఆడేది కసి కోసమే. పండుగకో పరీక్షలకో మూడు వారాలు ఆట మానితే కంగారు పడనక్కరలేదు. తిరిగి వచ్చాక రెండు, మూడు రోజులు సాధన మైదానంలోనూ, ర్యాంకు లేని మ్యాచ్‌లలోనూ గడిపితే చెయ్యి మళ్ళీ దారికి వస్తుంది. మావాడు పరీక్షల తరువాత అలాగే చేశాడు, ఇప్పుడు 190 గంటల దగ్గర ఉన్నాడు. ఒంటరి చావుల పద్దు సగానికి తగ్గింది, ఆ స్థానంలోకి "చప్పుడు విన్నా పట్టించుకోలేదు" వచ్చింది, వచ్చే రెండు వారాలు దానికే కేటాయించాడు.