ఎర్లీ యాక్సెస్ సర్వైవల్ గేమ్ కొంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో పీసీలు అసెంబుల్ చేస్తాను. శనివారం వచ్చిందంటే కాలేజీ పిల్లలు గుంపుగా దిగుతారు. ఫోన్‌లో ఏదో ట్రైలర్ పెట్టి, "అన్నా, ఇది ఆడాలంటే ఏ గ్రాఫిక్స్ కార్డు కావాలి?" అంటారు. చాలాసార్లు అది ఎర్లీ యాక్సెస్‌లో ఉన్న, అంటే పూర్తికాకముందే అమ్మకానికి పెట్టిన సర్వైవల్ క్రాఫ్టింగ్ గేమే అయ్యుంటుంది. చెట్టు కొట్టు, రాయి ఏరు, గుడిసె కట్టు, చీకటి పడ్డాక వచ్చేవాటికి దొరక్కుండా బతుకు. నెల తిరక్కముందే వాళ్లలో ఒకడు మళ్లీ వస్తాడు: "వేస్ట్ అన్నా. ల్యాగ్ కొడుతోంది, అప్‌డేట్లు రావట్లేదు, మొన్నటి ప్యాచ్‌తో మా బేస్ మొత్తం పోయింది." కౌంటర్ దగ్గర నిలబెట్టి ఇదంతా విడమర్చి చెప్పే తీరిక ఉండదు, అందుకే రాస్తున్నా.

ముందు స్టోర్ పేజీ. ట్రైలర్ వదిలేసి కిందికి రండి. పూర్తికాని ఆటలను అమ్ముకునే ఈ పద్ధతిని పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ 2013 మార్చిలో మొదలుపెట్టింది. అలాంటి ప్రతి ఆట పేజీలో డెవలపర్లు కొన్ని ప్రశ్నలకు జవాబులు రాయాలి. "ఎంతకాలం పడుతుంది" అన్నదానికి వాళ్లు రాసింది దసరాకి బట్టలు ఇస్తానన్న టైలర్ మాటలాంటిది, చదివి ఊరుకోండి. "ఇప్పుడు ఆటలో ఏముంది" అన్నది మాత్రం రెండుసార్లు చదవండి. మీ డబ్బులకు వచ్చే సరుకు అదే. రేపటి నుంచి కొత్తగా ఏమీ కలవకపోయినా ఈ రేటుకి ఇది చాలు అనిపిస్తేనే కొనండి.

తేదీల సంగతి ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానంటే, సెవెన్ డేస్ టు డై 2013 డిసెంబర్‌లో ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చి 2024 జూలైలో 1.0, అంటే పూర్తి వెర్షన్ అయింది. పదేళ్లు దాటింది. అదే 2013 డిసెంబర్‌లో వచ్చిన రస్ట్‌కి 2018 ఫిబ్రవరి దాకా పట్టింది. సబ్‌నాటికా 2014 డిసెంబర్ నుంచి 2018 జనవరి దాకా. సన్స్ ఆఫ్ ది ఫారెస్ట్ ఏడాదిలో బయటపడింది గానీ, అలాంటివి తక్కువ. 2021 ఫిబ్రవరిలో వాల్‌హైమ్ వచ్చినప్పుడైతే ఆ ఏడాదే నాలుగు పెద్ద అప్‌డేట్లు ఇస్తామని రోడ్‌మ్యాప్ వేశారు. చేసింది ఐదుగురు మనుషులు, కొన్నది లక్షల మంది. బగ్గులు సరిచేయడంతోనే సరిపోయింది. ఆ ఏడాది వచ్చిన పెద్ద అప్‌డేట్ ఒక్కటే. మిస్ట్‌ల్యాండ్స్ అనే పొగమంచు ప్రాంతం అప్‌డేట్ 2022 డిసెంబర్‌కి గానీ రాలేదు. అయినా అది మంచి ఆటే.

కాబట్టి ఆలస్యం చూసి భయపడకండి. భయపడాల్సింది చడీచప్పుడూ లేకపోతే. పేజీలో వార్తల విభాగం తెరిచి చివరి ప్యాచ్ ఎప్పుడొచ్చిందో, అందులో ఏం మార్చారో చూడండి. చాలా కాలంగా అప్‌డేట్ లేని ఎర్లీ యాక్సెస్ ఆటల పేజీలో ఆ సంగతి చెప్పే నోటీసును 2025 ఫిబ్రవరి నుంచి స్టీమే పెడుతోంది. అది కనిపిస్తే మరో ఆట చూసుకోండి. హడావిడి ఎక్కువున్నా జాగ్రత్తే. ది డే బిఫోర్ అనే ఆట కోసం ఎంతమంది విష్‌లిస్టులో పెట్టుకుని ఎదురుచూశారో! 2023 డిసెంబర్ 7న వచ్చింది, నాలుగు రోజులకే స్టూడియో మూసేస్తున్నామన్నారు, జనవరిలో సర్వర్లు ఆపేశారు. కొన్నవాళ్లకు డబ్బులు వెనక్కి వచ్చాయి, అది వేరే సంగతి.

ఇక రీఫండ్. కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం 2 గంటల లోపు ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కి ఇస్తుంది. ఆట తెరిచి ఉంటే చాలు, మీటర్ తిరుగుతూనే ఉంటుంది. మెనూలో వదిలేసి బిర్యానీ తినడానికి పోయినా ఆ సమయం లెక్కలోకి వస్తుంది. మొదటిసారి తెరిచినప్పుడు షేడర్లు (బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు) తయారయ్యే టైమూ అంతే.

ఇక్కడే అసలు చిక్కుంది. సర్వైవల్ గేముల్లో మొదటి రెండు గంటలు ఎప్పుడూ బాగానే ఉంటాయి. అందరూ ఆడేది అదే భాగం కాబట్టి డెవలపర్లు దాన్నే ఎక్కువ చెక్కుతారు. రాతి గొడ్డలి, మొదటి మంట, మొదటి రాత్రి, అన్నీ మజాగానే ఉంటాయి. ఖాళీ తెలిసేది ఇనుప పనిముట్ల దశ దాటాక. శత్రువులు అవే, కొట్టాల్సిన దెబ్బలు మాత్రం పెరుగుతాయి. ఒక్క కొలిమికి గంటలకొద్దీ ఖనిజం తవ్వాలి. కష్టపడి చేరుకున్న కొత్త ప్రాంతంలో నాలుగు చెట్లు తప్ప ఏమీ ఉండవు. ఇది రెండు గంటల్లో బయటపడదు. అందుకే నెగెటివ్ రివ్యూల్లో ఆడిన గంటలు ఎక్కువున్నవాటిని వెతికి చదవండి. వంద గంటలు ఆడి తిట్టినవాడికి తిట్టే హక్కుంది, పనికొచ్చే సంగతులూ వాడి దగ్గరే ఉంటాయి. యూట్యూబ్‌లో మొదటి ఎపిసోడ్ బదులు చివరి ఎపిసోడ్ చూడండి.

ల్యాగ్ గురించి నా వృత్తిరహస్యం ఒకటి. బయట అడవిలో బాగానే నడిచి, మీ పెద్ద బేస్ దగ్గరికి రాగానే ఆట నత్తనడక నడుస్తుంటే రిజల్యూషన్ సగానికి తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) పెరిగితే కార్డు సరిపోవట్లేదని అర్థం. పెరగకపోతే భారం ప్రాసెసర్ మీదో, ఆట కోడ్ మీదో ఉంది. మీరు పెట్టిన ప్రతి దుంగనీ, దీపాన్నీ, పెట్టెనీ అది లెక్కపెడుతోంది. అప్పుడు కొత్త కార్డు కొన్నా పెద్ద ఉపయోగం ఉండదు. ఇలా చెప్పి బేరాలు పోగొట్టుకుంటానని మా పక్క షాపాయన నవ్వుతాడు.

కొన్నాక చేయాల్సిన మొదటి పని బ్యాకప్. సేవ్ రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఫైల్ పాడైపోవచ్చు. మన దగ్గర మే నెల సాయంత్రం గాలిదుమారం లేచిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. యూపీఎస్ లేకపోతే వాన మొదలైనప్పుడే సేవ్ చేసి బయటికి రండి. క్లౌడ్ సేవ్ ఉందిగా అని ధీమా వద్దు, పాడైన ఫైల్‌ని కూడా అది నమ్మకంగా కాపీ చేసిపెడుతుంది. వాల్‌హైమ్ అయితే యాప్‌డేటాలోని "లోకల్‌లో" (LocalLow) అన్న ఫోల్డర్‌లో ఐరన్‌గేట్, అందులో వాల్‌హైమ్, అందులో వరల్డ్స్ లోకల్ (worlds_local) అన్న ఫోల్డర్ ఉంటుంది. మీ వరల్డ్ పేరుతో డీబీ ఫైల్ ఒకటి, ఎఫ్‌డబ్ల్యూఎల్ ఫైల్ ఒకటి కనిపిస్తాయి. రెండూ కలిపి కాపీ చేయాలి, ఒక్కటే తీసుకెళితే మీ వరల్డ్ ఉన్నదున్నట్టు రాదు. క్యారెక్టర్ల ఫోల్డర్ వేరే ఉంటుంది, దాన్ని మర్చిపోకండి. కాపీ ఫోల్డర్‌కి తేదీ పేరు పెట్టండి. ప్రతి పెద్ద ప్యాచ్‌కి ముందు ఇలా చేస్తే టెన్షన్ ఉండదు.

మ్యాప్ మొత్తం తిరిగేయకండి. చాలా ఆటల్లో కొత్త ప్రాంతాలు ఇంకా అడుగుపెట్టని చోట మాత్రమే పుడతాయి. మిస్ట్‌ల్యాండ్స్ వచ్చినప్పుడు పాత వరల్డ్‌లో అప్పటికే తిరిగేసిన పొగమంచు నేలల్లో కొత్తవేమీ రాలేదు. ఒక దిక్కు వదిలిపెట్టినవాళ్లు హాయిగా పడవెక్కి పోయారు, మిగతావాళ్లు కొత్త వరల్డ్ మొదలుపెట్టుకున్నారు.

స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్‌లో బీటాస్ అన్న ట్యాబ్‌లో అన్‌స్టేబుల్ (ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్) అని ఉన్నది ఎంచుకుంటే ఏమవుతుందో తెలిసే ఎంచుకోండి. ప్రాజెక్ట్ జోంబాయిడ్ ఆట కొత్త వెర్షన్ బిల్డ్ 42 అలాగే 2024 డిసెంబర్‌లో వచ్చింది. బిల్డ్ 41లో ఆడిన సేవ్‌లు అందులో పనిచేయవు, వచ్చిన కొత్తలో మల్టీప్లేయర్ కూడా లేదు. ఫ్రెండ్స్ అందర్నీ రాత్రికి రమ్మని ముందే పిలిచినవాళ్ల బాధ చూడాలి.

ఫ్రెండ్స్‌తో ఆడేటప్పుడు వరల్డ్ ఎవరి పీసీలో ఉంటుందో మొదటి రోజే తేల్చుకోండి. హోస్ట్ చేసేవాడు నైట్ షిఫ్ట్‌కి గచ్చిబౌలి వెళ్లిపోతే మిగతావాళ్లు ఆ రాత్రి ఖాళీయే. అద్దె సర్వర్ తీసుకునేట్టయితే ముంబైలో ఉందా అని అడగండి. అది లేకపోతే సింగపూర్.

బగ్ కనిపిస్తే "గేమ్ బాలేదు" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. వెర్షన్ నంబర్, ఏం చేస్తుండగా జరిగింది, మళ్లీ అలాగే చేస్తే మళ్లీ జరిగిందా, ఈ మూడూ రాయండి. మాడ్స్ (ఆటను మార్చే బయటివాళ్ల ఫైళ్లు) వేసుకుని ఉంటే అవి తీసేసి ఒకసారి చూశాకే రాయండి. కోపంలో పెట్టిన రివ్యూని తర్వాత మార్చుకోవచ్చు. మంచి ప్యాచ్ వచ్చాక మార్చేవాళ్లు తక్కువే గానీ, మార్చితే కొనేవాళ్లకు ఉపయోగం.

ఇంత తతంగం ఎందుకు అనిపించేవాళ్లు సబ్‌నాటికా, ది ఫారెస్ట్ లాంటి పూర్తయినవి సేల్‌లో కొనుక్కోండి. కొత్తది విష్‌లిస్టులో పడేయండి. ఎర్లీ యాక్సెస్ నుంచి బయటికి వచ్చిన రోజున స్టీమే మెయిల్ పంపుతుంది.