పది సెకన్లలో తేలే టెస్టులు: కాలనీని బట్టి బ్యాక్టీరియాను పట్టడం ఎలా

హనుమకొండలోనో వరంగల్‌లోనో డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి కొత్తగా కల్చర్ సెక్షన్‌లో, అంటే శాంపిల్‌లోని బ్యాక్టీరియాను పెంచి చూసే చోట, కూర్చున్నవాళ్ల కోసం ఇది. ప్లేటు మీద కాలనీలు (బ్యాక్టీరియా పెరిగి కంటికి కనిపించే చుక్కలు) వచ్చాయి, వార్డు నుంచి "ఏం పెరిగింది?" అని ఫోన్ల మీద ఫోన్లు, మిషన్ రిపోర్టు రేపటికి గానీ రాదు. అప్పుడు ఆదుకునేవి ఈ స్పాట్ టెస్టులే. ఇవి తప్పినప్పుడల్లా రీఏజెంటును తిడతాం గానీ, చాలాసార్లు తేడా వచ్చేది కాలనీ ఏ ప్లేటు మీద నుంచి తీశాం, దేంతో తీశాం, ఎంతసేపు చూశాం అన్న దగ్గర.

ముందు గ్రామ్ స్టెయిన్ చేయాల్సిందే. గ్రామ్ పాజిటివ్ కోకై (ఊదా రంగు పట్టే గుండ్రటివి) అయితే క్యాటలేజ్, గ్రామ్ నెగెటివ్ బాసిలై (గులాబీ రంగు పట్టే కడ్డీల్లాంటివి) అయితే ఆక్సిడేజ్. స్టెయిన్ మీద డౌటుంటే స్లైడు మీద 3 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) చుక్క వేసి కాలనీ కలిపి లూప్ మెల్లగా పైకెత్తండి, ఒక నిమిషంలోపు జిగటగా తీగ సాగితే చాలావరకు గ్రామ్ నెగెటివే.

క్యాటలేజ్ అంటే పెరాక్సైడ్‌ను విడగొట్టి బుడగలు తెప్పించే ఎంజైమ్. ఈ టెస్టుకు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలి. మెడికల్ షాపు సీసా మీద 6 శాతం లేదా 20 వాల్యూమ్ అని ఉంటే అంతే డిస్టిల్డ్ వాటర్ కలపండి. మన మే నెల ఎండల్లో సీసాను కిటికీ పక్కన వదిలేస్తే దాని పని అయిపోతుంది, బుడగలు రావు, స్టాఫ్‌ను (స్టాఫిలోకాకస్) స్ట్రెప్ (స్ట్రెప్టోకాకస్) అని రాసేస్తారు. అందుకే రంగు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, రోజూ పొద్దున తెలిసిన స్టాఫ్ స్ట్రెయిన్‌తో, ఏటీసీసీ 25923 (టెస్టు సరిచూసుకోడానికి వాడే ప్రామాణిక స్ట్రెయిన్) ఉంటే దాంతోనే, ఒకసారి చూసుకోండి. టూత్‌పిక్‌తో కాలనీ పైభాగం మాత్రమే తీసి పొడి స్లైడు మీద పెట్టి, దాని మీద ఒక చుక్క వేసి, తుంపరలు ఎగరకుండా పెట్రీ డిష్ మూత బోర్లించండి. వెంటనే బుసబుసా పొంగితే స్టాఫ్, చప్పుడు లేకుంటే స్ట్రెప్ లేదా ఎంటరోకాకస్. నైక్రోమ్ లూప్ పెరాక్సైడ్‌కు తగిలితే లూపే బుడగలు తెప్పిస్తుంది. బ్లడ్ అగార్‌ను గీకినా అంతే, ఎర్ర కణాల్లోనూ క్యాటలేజ్ ఉంటుంది మరి.

స్టాఫ్ అని తేలితే స్లైడ్ కోయాగ్యులేజ్, అంటే ప్లాస్మాతో గడ్డలు కడుతుందా అని స్లైడు మీద చూసే టెస్టు. కాలనీని సెలైన్‌లో రెండు చోట్ల పాలలా కలిపి, ఒకదానికే ప్లాస్మా వేయండి. పది సెకన్లలో గడ్డకడితే స్టాఫ్ ఆరియస్ అనుకోవచ్చు. ప్లాస్మా వేయని చోట కూడా గడ్డలుంటే ఆ టెస్టు చెల్లదు, ఇదే టెస్టును ప్లాస్మా పోసిన ట్యూబులో చేయండి. స్లైడ్ నెగెటివ్ వచ్చినా ట్యూబ్ చేయాల్సిందే. 37 డిగ్రీల దగ్గర పెట్టి గంట గంటకూ మెల్లగా వంచి చూడండి, ఊపొద్దు. నాలుగు గంటల వరకు చూడకుండా నేరుగా మర్నాడు చూస్తే, గడ్డకట్టి మళ్లీ కరిగిపోయిన స్ట్రెయిన్లు నెగెటివ్‌లా కనిపిస్తాయి. నాలుగు గంటలకూ ఏమీ లేకపోతేనే ట్యూబును రాత్రంతా ఉంచండి. సిట్రేట్ ప్లాస్మాలో ఎంటరోకాకస్ సిట్రేట్‌ను తినేసి గడ్డ కట్టించగలదు, అందుకే క్యాటలేజ్ ముందు చేయమనేది.

ఆక్సిడేజ్ రీఏజెంటు రంగు లేకుండా ఉండాలి, నీలంగా మారితే పారేయండి. ఫిల్టర్ పేపర్ తడిపి, 18 నుంచి 24 గంటల కాలనీని పుల్లతోనో ప్లాస్టిక్ లూప్‌తోనో రుద్దండి, ఇక్కడా నైక్రోమ్ వద్దు. పది సెకన్లలో ముదురు ఊదా వస్తేనే పాజిటివ్, టీ తాగొచ్చి చూస్తే ఏ పేపరైనా ఊదాగానే ఉంటుంది. మాకాంకీ అగార్ (గ్రామ్ నెగెటివ్‌ల కోసం వాడే ప్లేటు) మీది కాలనీ వాడొద్దు. ఈ.కోలై, క్లెబ్సియెల్లా నెగెటివ్. సూడోమోనాస్, విబ్రియో పాజిటివ్.

పాజిటివ్ రాగానే సూడోమోనాస్ అని రాసేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. వరి పొలాల్లో పనిచేసే షుగర్ పేషెంట్ బ్లడ్ కల్చర్‌లో, వానాకాలంలో, ఆక్సిడేజ్ పాజిటివ్ బ్యాక్టీరియా పెరిగి, జెంటామైసిన్‌కు, కొలిస్టిన్‌కు రెసిస్టెంట్‌గా ఉండి, కో-అమాక్సిక్లావ్‌కు సెన్సిటివ్‌గా వస్తే మెలియాయిడోసిస్ (మట్టి, నీళ్లలో ఉండే బర్ఖోల్డేరియా సూడోమల్లై వల్ల వచ్చే జబ్బు) అనుమానించాలి. ప్లేటు మూసి, మైక్రోబయాలజిస్టుకు చెప్పండి.

స్పాట్ ఇండోల్ (బ్యాక్టీరియా ఇండోల్ అనే పదార్థం తయారుచేస్తుందా అని చూసే టెస్టు) కూడా ఫిల్టర్ పేపర్ మీదే, బ్లడ్ అగార్ కాలనీతోనే. కోవాక్స్ రీఏజెంటుతో గులాబీ రంగు వస్తే పాజిటివ్. ఈ.కోలై పాజిటివ్, క్లెబ్సియెల్లా న్యుమోనియే నెగెటివ్. మిక్స్‌డ్ ప్లేటులో పక్క కాలనీ ఇండోల్ పాకి వచ్చి మోసం చేస్తుంది, సబ్‌కల్చర్ చేశాకే, అంటే ఆ కాలనీని విడిగా కొత్త ప్లేటు మీద పెంచాకే నమ్మండి.

గొర్రెలు, మేకలు పెంచే ఇంటి మనిషి, రోజుల తరబడి జ్వరం, బ్లడ్ కల్చర్‌లో నెమ్మదిగా పెరిగిన చిన్న చిన్న గ్రామ్ నెగెటివ్ కోకోబాసిలై (పొట్టి కడ్డీలు) ఉంటే పైన చెప్పినవేవీ ఓపెన్ బెంచ్ మీద చేయొద్దు. అది బ్రూసెల్లా (పశువుల నుంచి మనుషులకు అంటే బ్యాక్టీరియా) కావచ్చు. క్యాటలేజ్ బుడగల తుంపరతో ల్యాబులో ఉన్నవాళ్లకే అంటుకుంటుంది. సేఫ్టీ క్యాబినెట్ లేకపోతే ప్లేటుకు టేపు వేసి, ఉన్న ల్యాబుకు పంపేయండి.