సముద్రంలో డాల్ఫిన్లతో ఈదాలనుకుంటే ముందు ఇవి తెలుసుకోండి

ద్వీపాలకు హాలిడే ప్లాన్ చేసుకునే చాలామంది లిస్టులో డాల్ఫిన్లతో ఈత ఉంటుంది. హోటల్ కొలనులో పెంచే డాల్ఫిన్ మూతి మీద ముద్దు పెట్టి ఫోటో దిగే తతంగం గురించి ఇక్కడ చెప్పను, అది వద్దు, దాని మీద ఇంతకంటే మాటలు ఖర్చుపెట్టడం కూడా దండగ. సముద్రంలో తన మానాన తాను తిరిగే డాల్ఫిన్ ఉన్నచోట మనం నీళ్లలోకి దిగడం గురించే ఇదంతా. అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీరు వెళ్తున్న చోట ఉండేది ఏ రకం డాల్ఫిన్, మీరు వెళ్లే వేళకి అది ఏం చేస్తుంటుంది. రేటు, బోటు సైజు, లంచ్ ఇస్తారా లేదా అన్నవన్నీ ఆ తర్వాతే. మేలుకుని ఆటలో ఉన్న డాల్ఫిన్ తనే మీ దగ్గరకొస్తుంది, నిద్రకొచ్చిన డాల్ఫిన్ వెంట మీరు పడితే దక్కేది దాని తోక చివర ఫోటో ఒక్కటే.

ఉష్ణమండల ద్వీపాల చుట్టూ టూర్లవాళ్లు ఎక్కువగా చూపించేది స్పిన్నర్ డాల్ఫిన్‌ని. గాల్లోకి ఎగిరి బొంగరంలా గిర్రున తిరిగేది ఇదే. రాత్రంతా లోతైన సముద్రంలో చిన్న చేపలు, స్క్విడ్లు (ఆక్టోపస్ జాతికి దగ్గరి జీవులు), రొయ్యల వేటలో ఉండి, తెల్లవారేసరికి ఒడ్డుకి దగ్గర్లో, అడుగున ఇసుక పరుచుకున్న లోతు తక్కువ నీళ్లలోకి విశ్రాంతికి వస్తుంది. తెల్లటి ఇసుక మీద సొరచేప వస్తే పసిగట్టడం తేలిక, అందుకే ఆ చోటు. డాల్ఫిన్ నిద్ర మన నిద్రలా ఉండదు, మెదడులో ఒక సగం పడుకుంటే ఇంకో సగం కాపలా కాస్తుంది, గుంపంతా దగ్గర దగ్గరగా, నెమ్మదిగా, దాదాపు చప్పుడు లేకుండా ఈదుతూనే ఉంటుంది. అందుకని బోటులోంచి చూసేవాళ్లకి అవి నిద్రలో ఉన్నాయన్న అనుమానం కూడా రాదు. సరిగ్గా ఆ పొద్దున్నే టూరు బోట్లు అక్కడికి చేరతాయి, ఎందుకంటే కచ్చితంగా కనిపించేది అప్పుడే. ఒకరోజు నిద్ర చెడితే పోనీ అనుకోవచ్చు గానీ రోజూ పొద్దున పది బోట్లు వచ్చి మీద పడుతుంటే రాత్రి వేటకు వాటికి ఓపిక ఎక్కడిది?

హవాయిలో దీని కోసం ప్రత్యేకంగా నిబంధన తెచ్చారు. 2021 అక్టోబరు నుంచి అక్కడి ప్రధాన ద్వీపాల తీరానికి 2 నాటికల్ మైళ్ల లోపు స్పిన్నర్ డాల్ఫిన్లతో ఈదడం, వాటికి 50 గజాల కంటే దగ్గరకి వెళ్లడం నిషేధం, బోటైనా మనిషైనా అంతే. పాత వీడియోలు చూసి హవాయి టికెట్లు కొనేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకుంటే మంచిది. ఉష్ణమండలం కాకపోయినా న్యూజిలాండ్‌లోని బే ఆఫ్ ఐలాండ్స్‌లో కూడా బాటిల్‌నోస్ డాల్ఫిన్ల సంఖ్య బాగా పడిపోవడంతో వాటితో ఈతని 2019లో ఆపేశారు. కాబట్టి ఎక్కడికి వెళ్లినా ఈ ఏడాది రూలు ఏమిటో చూసుకోండి, మూడేళ్ల కిందటి రివ్యూని నమ్ముకోకండి.

మరి ఎక్కడికి వెళ్లాలి? నన్నడిగితే బహామాస్‌లోని బిమినీ వైపు చెప్తాను. అక్కడుండేవి అట్లాంటిక్ స్పాటెడ్ డాల్ఫిన్లు. ఇవి కూడా రాత్రిపూట లోతు మొదలయ్యే అంచు దగ్గర వేటాడతాయి, కానీ పగలు ఇసుక దిబ్బల మీద లోతు తక్కువ నీళ్లలో ఒకదాంతో ఒకటి ఆడుకుంటూ గడపడం ఎక్కువ, మనుషులు కనిపిస్తే వాటంతటవే వచ్చి చూసి పోవడం కూడా మామూలే. పుట్టినప్పుడు ఒంటి మీద మచ్చలుండవు, వయసు పెరిగేకొద్దీ వస్తాయి, ఈ ఒక్క ముక్క తెలిస్తే నీళ్లలో ఏది చిన్నదో ఏది పెద్దదో మీరే చెప్పగలరు. ఎర్ర సముద్రంలో ఈజిప్టు తీరాన సమదాయ్ రీఫ్ (పగడపు దిబ్బ) ఇంకో పద్ధతి: గుర్రపు నాడా ఆకారంలో ఉన్న ఆ రీఫ్ లోపలి భాగం స్పిన్నర్లకి వదిలేశారు, మనుషులకి ప్రవేశం లేదు, గీత ఇవతల మనం ఉంటాం, వాటికి బుద్ధి పుడితే ఇవతలికి వస్తాయి. మారిషస్ పడమటి తీరంలో తామరిన్, జాంజిబార్‌లో కిజిమ్కాజి కూడా బాగా పేరున్నవే, కానీ ఒక్క గుంపు చుట్టూ బోట్లు మూగడం అక్కడ పాత సమస్య. అక్కడికే వెళ్తుంటే బోటు నడిపేవాడిని ఎంచుకోవడంలోనే మొత్తం ఉంది, సరైనవాడు దొరక్కపోతే బోటులోంచి చూసి వచ్చేయడం మేలు.

బుక్ చేసే ముందు ఫోన్‌లోనో మెసేజ్‌లోనో కొన్ని ప్రశ్నలు అడగండి. ఒకేసారి నీళ్లలోకి ఎంతమందిని దింపుతారు? మాతో పాటు గైడ్ దిగుతాడా, లేక బోటులో కూర్చుని వేలు చూపిస్తాడా? అప్పటికే అక్కడ రెండు మూడు బోట్లు ఉంటే ఏం చేస్తారు? చిన్న పిల్లలున్న గుంపు కనిపిస్తే? ఈ చివరి రెండింటికి "దింపం, వేరే గుంపు చూస్తాం, లేదా వెనక్కి వచ్చేస్తాం" అన్నవాడికి డబ్బులివ్వండి. "ముట్టుకోవడం గ్యారంటీ" అన్నవాడు చాలావరకు చేపలు వేసి అలవాటు చేసి ఉంటాడు, అమెరికా జలాల్లోనైతే అలా తిండి పెట్టడం నేరం కూడా. బోటు డాల్ఫిన్లకి పక్కగా, వాటి వేగంతోనే, సమాంతరంగా నడవాలి. ఎదురెళ్లి దారి కొట్టడం, గుంపు మధ్యలోంచి దూసుకెళ్లడం, చుట్టూ గుండ్రంగా తిరగడం చేస్తున్నాడంటే మీరు నోరు తెరిచి వద్దని చెప్పండి, డబ్బు కట్టింది మీరే కదా.

ఇప్పుడు మీ సంగతి. ఈత రాదు, లైఫ్ జాకెట్ ఇస్తారు కదా అనే ధైర్యంతో దయచేసి వెళ్లకండి. లైఫ్ జాకెట్ తేలుస్తుంది, నిజమే, కానీ ఎక్కడో నడి సముద్రంలో, కింద అడుగు కనిపించని నీలం మీద, ముఖం నీళ్లలో పెట్టి నోటితో గాలి పీల్చుకోవడం అంటే మొదటిసారి ఎవరికైనా గుండె దడదడలాడుతుంది, ఆ టెన్షన్‌లో ఊపిరి వేగం పెరిగి, స్నార్కెల్‌లోకి (నోట్లో పెట్టుకుని గాలి పీల్చే గొట్టం) నీళ్లొచ్చి, అక్కణ్ణుంచి అన్నీ తలకిందులవుతాయి. హవాయిలో సందర్శకులు మునిగి చనిపోయిన ఘటనల్లో ఎక్కువగా కనిపించేది స్నార్కెలింగే. హాలిడేకి నెల ముందు నుంచి స్విమ్మింగ్ పూల్‌లో ప్రాక్టీస్ చేయండి. మాస్క్ (కళ్లనీ ముక్కునీ కప్పే అద్దం), స్నార్కెల్ పెట్టుకుని ముఖం కిందికి పెట్టి కదలకుండా పది నిమిషాలు తేలగలగాలి. ఫిన్స్ (పాదాలకి తొడుక్కునే రెక్కలు) వేసుకుని ఆగకుండా 200 మీటర్లు పోగలగాలి, మోకాలు మడిచి సైకిల్ తొక్కినట్టు కాకుండా తుంటి నుంచి కాలు నెమ్మదిగా ఊపుతూ. స్నార్కెల్‌లో నీళ్లు చేరితే తల ఎత్తకుండానే ఒక్కసారి గట్టిగా ఊది బయటికి తోసేయడం అలవాటు కావాలి, ఆ తర్వాతి ఊపిరి మాత్రం నెమ్మదిగా, జాగ్రత్తగా తీసుకోవాలి, గొట్టంలో ఇంకా చుక్కలుంటాయి. గుండె జబ్బు, ఆస్తమా, బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి, ఇందులో మొహమాటం వద్దు.

మాస్క్ సొంతది కొనుక్కోండి, మిగతావి అద్దెవి చాలు. షాపులో పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో మెల్లగా గాలి లోపలికి లాగితే మాస్క్ అలాగే అతుక్కుని ఉండాలి, జారిపోతే అది మీ ముఖానికి సరిపోనట్టే. మీసం ఒత్తుగా ఉన్నవాళ్లకి పైపెదవి దగ్గర నీళ్లు కారడం ఖాయం, ముక్కు కింద సన్నగా ఒక గీతలా గొరుక్కుంటే సగం సమస్య పోతుంది (ఇష్టం లేనివాళ్లు మాస్క్‌లో నీళ్లు ఖాళీ చేయడం బాగా నేర్చుకోవాలి). ముఖమంతా కప్పేసే స్నార్కెల్ మాస్కులు చూడ్డానికి సుఖంగా కనిపిస్తాయి, కానీ ఏదైనా తేడా వచ్చినప్పుడు మామూలు స్నార్కెల్‌ని నోట్లోంచి ఉమ్మేసినంత తేలిగ్గా వాటిని తీయలేం, లోతు నీళ్లలోకి అవి వద్దనే నా సలహా. సన్‌స్క్రీన్ ఒంటి నిండా పూసుకునే బదులు పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కుని ఉండే ఈత చొక్కా) వేసుకోండి. హవాయిలో 2021 జనవరి నుంచి ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలున్న సన్‌స్క్రీన్ల అమ్మకమే ఆపేశారు, పగడపు దిబ్బలకి హాని అని. బోటు ఊగితే కడుపులో తిప్పేవాళ్లు మాత్ర బయల్దేరాక కాదు, గంట ముందే వేసుకోవాలి, అది మత్తుగా ఉంచుతుందేమో ముందు ఇంటి దగ్గరే ఒకసారి వేసుకుని చూడండి.

ఇక అసలు ఘట్టం. కెప్టెన్ ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టి "దిగండి" అన్నాకే దిగాలి, వెనక ప్రొపెల్లర్ ఉందన్నది ఒక్క క్షణం కూడా మరవకూడదు. ధబేలున దూకకండి, బోటు అంచున కూర్చుని చప్పుడు లేకుండా జారండి. నలుగురు దిగితే నలుగురూ ఒకే చోట ఉండాలి, తలా ఒక దిక్కుకి చెదిరిపోతే డాల్ఫిన్లకి అది వల వేసి చుట్టుముట్టినట్టే. చాలాసార్లు కనిపించడానికి ముందే వినిపిస్తాయి, సన్నని ఈలలు, తలుపు కిర్రుమన్నట్టు టకటక శబ్దాలు, ఏ వైపు నుంచో మాత్రం తెలియదు, నీళ్లలో మన చెవికి దిక్కు అందదు. అప్పుడు చేయాల్సింది చాలా తక్కువ: చేతులు ఒంటికి ఆనించుకుని, నెమ్మదిగా, అవి పోయే దిక్కుకే పక్కగా తేలుతూ ఉండటం. డాల్ఫిన్ గంటకు 30 కిలోమీటర్ల వేగం అందుకోగలదు, ఒలింపిక్ ఈతగాడు కూడా 9 దాటలేడు, కాబట్టి వెంటపడటం అనేది ఆలోచనలోంచే తీసేయండి. బాగా ఈత వచ్చినవాళ్లు గాలి బిగబట్టి కాస్త కిందికి దిగి మెలికలు తిరిగితే ఆటలో ఉన్న డాల్ఫిన్ చుట్టూ తిరిగి కళ్లలోకి చూసి వెళ్లొచ్చు, కానీ నేరుగా వాటి మీదికి దిగకూడదు, పైన నీళ్ల మీదికి వచ్చి ఊపిరి తీసుకునే వాటి దారిని మూసేయకూడదు.

ఎంత దగ్గరకొచ్చినా చేయి చాపకండి. వాటి ఒంటి మీది చర్మం చాలా సున్నితం, మన గోరు తగిలినా గీత పడుతుంది, మన ఒంటి క్రిములు వాటికీ వాటివి మనకీ అంటుకునే ప్రమాదం ఉంది. పైగా అది ముద్దొచ్చే బొమ్మ కాదు, బాటిల్‌నోస్ అయితే రెండున్నర మూడు మీటర్ల పొడవు, 200 కిలోల బరువు, నోటి నిండా పళ్లు. ఆ నవ్వు ముఖం దాని ఎముకల తీరు అంతే, కోపంలో ఉన్నప్పుడు కూడా అలాగే నవ్వుతుంది. 1994లో బ్రెజిల్ తీరంలో తియావో అనే ఒంటరి డాల్ఫిన్‌ని జనం రోజూ పట్టి లాగి ఏడిపిస్తుంటే అది తిరగబడి చాలామందిని గాయపరిచింది, ఒకతను చనిపోయాడు కూడా. జపాన్‌లో ఫుకుయి తీరాన ఈమధ్య వరుసగా వేసవుల్లో ఈతకొచ్చినవాళ్లని డాల్ఫిన్ కరిచిన ఘటనలు జరిగాయి. గుంపు లేకుండా ఒంటరిగా తిరుగుతూ మనుషుల దగ్గరే మసలే డాల్ఫిన్ కనిపిస్తే ముచ్చటపడి దిగకండి.

చాలు, వెళ్లిపొమ్మని అవి చెప్పే తీరు కూడా ఉంది. తోకతో నీటి మీద ఫట్ ఫట్‌మని కొట్టడం, నోరు తెరిచి దవడలు టక్కున మూయడం, మీ ఎదురుగా ఒళ్లు ఎస్ ఆకారంలో వంచి నిలబడటం, ఒక్కసారిగా దిక్కు మార్చి లోతుకి దిగిపోవడం, తల్లి తన పిల్లని మీకు అవతలి పక్కకి తోసుకోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆగి, వెనక్కి తేలి, బోటు వైపు చేయి ఎత్తండి. రెండుసార్లు దిగితే రెండుసార్లూ అవి పక్కకి తప్పుకుని పోయాయంటే ఆ గుంపుతో ఆ రోజుకి పని అయిపోయినట్టే, మూడోసారి దించమని కెప్టెన్ మీద ఒత్తిడి పెట్టకండి.

కెమెరా గురించి ఒక్క మాట. మణికట్టుకి తాడుతో కట్టుకుని, వీడియో ఆన్ చేసి వదిలేసి, కళ్లతో చూడండి. పొడుగు సెల్ఫీ కర్రని డాల్ఫిన్ ముఖం మీదికి చాపడం చేయి చాపడంతో సమానమే. మొదటిసారి దిగినప్పుడైతే అసలు కెమెరా లేకుండా దిగడమే నయం, ఊపిరి, మాస్క్, పక్కవాళ్లు, బోటు ఎక్కడుంది, ఇన్ని చూసుకోవడానికే రెండు చేతులూ చాలవు.

తిరిగి ఎక్కేటప్పుడే చాలామందికి దెబ్బలు తగులుతాయి, అందరూ అలసిపోయి ఉంటారు, నిచ్చెన బోటుతో పాటు పైకీ కిందికీ కొట్టుకుంటుంటుంది. ఇంజిన్ న్యూట్రల్‌లో ఉందని కెప్టెన్ చెప్పాకే దగ్గరకి రండి, నిచ్చెన ఒక చేత్తో గట్టిగా పట్టుకున్నాకే రెండో చేత్తో ఫిన్స్ విప్పి పైకి అందించండి, ముందువాళ్లు పూర్తిగా ఎక్కేదాకా వాళ్ల కింద ఉండకండి, కాలు జారితే నేరుగా మీ తల మీదే పడతారు. మాస్క్ మాత్రం బోటులో కాలు పెట్టేదాకా ముఖం మీద ఉండనివ్వండి.