అయోడిన్-131 డోసులో తేడా కనిపిస్తే: సమస్య - పరిష్కారం

సోడియం అయోడైడ్ మన వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టమే. అందులో మామూలు అయోడిన్ బదులు రేడియోధార్మికమైన అయోడిన్-131 ఉంటే అది థైరాయిడ్ మందు. టెల్లూరియం డయాక్సైడ్‌ను రియాక్టర్‌లో పెడితే న్యూట్రాన్లు తగిలి టెల్లూరియం-131 పుడుతుంది. అది 25 నిమిషాల అర్ధజీవితంతో (సగం తరిగిపోవడానికి పట్టే సమయం) అయోడిన్-131గా మారుతుంది. తర్వాత బాగా వేడిచేసి, ఆవిరై వచ్చిన అయోడిన్‌ను పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌లో పట్టుకుంటారు. ఆ ఆవిరి గుణాన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

సమస్య: లేబుల్ మీద 100 మిల్లీక్యూరీలు (రేడియోధార్మికతకు కొలత), మీటర్‌లో 77.

కారణం: మధ్యలో ఎవరూ తీసుకోలేదు. అర్ధజీవితం 8 రోజులు కాబట్టి రోజుకు 8 శాతం పైనే తరిగిపోతుంది. లేబుల్ తేదీ దాటి 3 రోజులైతే 77, 5 రోజులైతే 65.

పరిష్కారం: తేదీతో పాటు గంట కూడా చూసి లెక్కకట్టండి. అప్పటికీ కుదరకపోతే, సరఫరాదారుకు ఫోన్ చేసే ముందు డోస్ కాలిబ్రేటర్ (డోసు కొలిచే మీటర్) ఏ ఐసోటోప్, అంటే ఏ రేడియోధార్మిక పదార్థం మీద సెట్ చేసి ఉందో చూడండి. ఓసారి నేను పొద్దుట స్కాన్ల మందు కొలవడానికి నొక్కిన టెక్నీషియం బటన్ మార్చకుండానే కొలిచి, డోసు ఎక్కువ పంపారని సరఫరాదారుతో పది నిమిషాలు వాదించాను. తర్వాత సారీ చెప్పడానికి ఇంకో ఫోన్.

సమస్య: సీసా గోధుమరంగుకు తిరిగింది.

రేడియేషన్ తగిలి గాజూ, ద్రావణమూ నల్లబడతాయి. రంగు చూసి పారబోయకండి.

సమస్య: మూత తీయగానే రేడియేషన్ మానిటర్ మోగింది. మర్నాడు డోసు తీసిన మనిషి మెడ దగ్గర, అంటే థైరాయిడ్ ఉండే చోట, రేడియేషన్ కౌంట్ పెరిగింది.

కారణం: అయోడైడ్‌గా ఉన్నంతసేపు అది బుద్ధిగా నీళ్లలోనే ఉంటుంది. ఆమ్లం తగిలినా, గాలిలోని ఆక్సిజన్ వల్లా, తన రేడియేషన్ వల్లా ఆక్సీకరణం చెందినా అయోడిన్‌గా మారి గాలిలోకి లేస్తుంది. ద్రావణాన్ని గడ్డకట్టిస్తే ఇంకా ఎక్కువ. అందుకే దాన్ని కాస్త క్షారంగా ఉంచి, సోడియం థయోసల్ఫేట్ కలుపుతారు.

పరిష్కారం: ఫ్యూమ్ హుడ్‌లో (ఆవిరిని బయటికి లాగేసే గూడు), ఫ్యాన్ నిజంగా తిరుగుతోందని చూసుకున్నాకే మూత తీయండి. ఒక చిన్న టిష్యూ ముక్క పట్టుకుంటే లోపలికి లాగాలి. గ్లవ్స్ రెండు జతలు వేసుకుని, పై జత తరచూ మార్చండి, అయోడిన్ రబ్బరులోంచి కూడా దూరుతుంది. ఒలికితే థయోసల్ఫేట్ ద్రావణంతో తుడవండి. ఆమ్లం ఉన్న క్లీనర్లను ఆ గదిలోకే రానివ్వకండి. మెడ కౌంట్ పెరిగితే దాచకుండా వెంటనే ఆర్ఎస్ఓకు (రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్) చెప్పండి.

సమస్య: డోసు సరిగ్గానే ఉంది, థైరాయిడ్ మాత్రం పీల్చుకోలేదు.

కారణం: గ్రంథి అప్పటికే మామూలు అయోడిన్‌తో నిండిపోయి ఉంటుంది. మొదటి అనుమానం సీటీ స్కాన్‌లో ఎక్కించిన, అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందు మీద. గుండెకు అమియోడరోన్ వాడుతుంటే, అందులోనూ అయోడిన్ ఉంటుంది కాబట్టి, ప్రభావం నెలల తరబడి ఉంటుంది.

పరిష్కారం: కాంట్రాస్ట్ తర్వాత మామూలుగా 6 నుంచి 8 వారాలు ఆగుతారు. గుండె మందు సంగతి డాక్టరే తేల్చాలి, పేషెంటు సొంతంగా ఆపకూడదు. డోసుకు ముందు ఒకటి రెండు వారాలు అయోడిన్ తక్కువ తిండి పెట్టమంటారు. “మా ఇంట్లో రాళ్ల ఉప్పేనండీ” అంటే నమ్మేయకండి, అయోడిన్ కలిపిన రాళ్ల ఉప్పూ ప్యాకెట్లలో వస్తోంది. ప్యాకెట్ తెమ్మనండి. ఆవకాయ ఏ ఉప్పుతో పెట్టారో కూడా అడగండి.